ఒళ్లు నొప్పులకు ఉప్పునీళ్లా, వేడినీళ్లా, ఐసా, మర్దనా: ఎవరికి ఏది నప్పుతుంది?

నాట్ల రోజుల్లో మా అమ్మ పొలం నుంచి వచ్చి, కాళ్ల బురద కడుక్కుని, వాకిట్లో పీట వేసుకునేది. కాగులో కాగిన నీళ్లు తొట్టిలో పోసి, చన్నీళ్లు కలిపి, గుప్పెడు రాళ్లుప్పు వేసేది. మా వైపు దాన్ని దొడ్డుప్పు అంటారు. ఉప్పు గడ్డలు తొట్టి అడుగున గరగరమంటుంటే రెండు పాదాలూ మెల్లగా దించి కళ్లు మూసుకునేది. తెల్లవారినప్పటి నుంచి నడుము వంచి నారు పాతిన మనిషి ముఖం అయిదు నిమిషాలకే తేటపడేది.

ఆ హాయి నిజం. అది ఉప్పు ఇచ్చిందా, నీళ్ల వేడి ఇచ్చిందా, రోజు మొత్తంలో ఆమె కూర్చున్న ఆ ఇరవై నిమిషాలు ఇచ్చాయా అన్నది మాత్రం చాలా ఏళ్లు నేను అడగనే లేదు. నలభై దాటాక హనుమకొండలో ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున్నే పరుగు మొదలుపెట్టి, మూడో రోజు మంచం దిగలేకపోయినప్పుడు అడగాల్సి వచ్చింది. తోటివాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఒకరు ఎప్సమ్ ఉప్పు తెప్పించుకోమన్నారు. ఇంకొకరు ఐసు నీళ్లలో కూర్చోమన్నారు. నువ్వుల నూనె రాసి రుద్దించుకోమని ఒక పెద్దాయన చెప్పారు. మందుల దుకాణంలో జెల్ చేతిలో పెట్టారు. ఒక్కొక్కటీ వాడి చూశాను, వాటి మీద జరిగిన పరిశోధనలు వెతికి చదివాను. అదే సందిగ్ధంలో ఉన్నవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా చూసుకోవాల్సినవి

మొదటిది, అది ఏ రకం నొప్పి అన్నది. అలవాటు లేని పని చేసిన మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, వారం తిరిగేలోపు దానంతట అదే పోయే నొప్పి ఒకటి ఉంది. కండరం సాగుతూనే బరువును ఆపాల్సి వచ్చినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. హనుమకొండలోని పద్మాక్షి గుట్ట ఎక్కేటప్పుడు ఆయాసపడతాం కానీ, మర్నాడు తొడలు పట్టేసేది దిగిన మెట్ల వల్ల. కండరపు పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చిరుగులు పడతాయి, వాటిని సరిచేసే పనిలో శరీరం అక్కడ కొంత వాపు తెచ్చుకుంటుంది. ఆ వాపే మనకు నొప్పిగా, బిగుతుగా తెలుస్తుంది. లాక్టిక్ ఆమ్లం కండరాల్లో పేరుకుపోవడం వల్లే ఈ నొప్పి అని చాలామంది ఇప్పటికీ అంటారు. పని ఆపిన గంట, గంటన్నరలోనే అది రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు నొప్పికి దాన్ని తప్పుపట్టలేం. కాబట్టి "ఒంట్లోని వ్యర్థాలను బయటికి లాగేస్తుంది" అని ఏ ఉప్పు పొట్లం మీద రాసి ఉన్నా ఆ మాటకు విలువ ఇవ్వనక్కర్లేదు.

అర్ధరాత్రి పిక్క పట్టేయడం వేరు. కాలు మడతపడి మడమ బెణికితే వేరు. ఏళ్ల తరబడి నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి వేరు. వీటన్నిటికీ ఒకే తొట్టి, ఒకే ఉప్పు చాలవు.

రెండోది, నొప్పి మొదలై ఎంతసేపైంది? బెణుకు, దెబ్బ, వాపు ఉంటే మొదటి రెండు రోజులు వేడి జోలికి వెళ్లకూడదు. వేడికి రక్తం అక్కడికి ఇంకా ఎక్కువగా చేరి వాపు పెరుగుతుంది.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మీ పాదాలకు వేడి, చలి సరిగ్గా తెలుస్తున్నాయా? చక్కెర వ్యాధి ఏళ్ల నుంచి ఉన్నవారిలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గిపోతుంది, ఆ సంగతి వాళ్లకే తెలియదు. మా పెద్దమ్మకు పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి. ఒక చలికాలం సాయంత్రం కాళ్లు లాగుతున్నాయని ఉప్పువేసిన వేడినీళ్లలో పాదాలు పెట్టుకుంది. నీళ్లు బాగున్నాయనే అంది. తెల్లారేసరికి రెండు మడమల పక్కన బొబ్బలు. ఆ పుండు మానడానికి రెండు నెలలకు పైగా పట్టింది. ఆ రెండు నెలలూ కట్టు మార్చిన ప్రతిసారీ, ఆ సాయంత్రం నీళ్లలో నేను ముందు చెయ్యి పెట్టి చూసి ఉంటే సరిపోయేది కదా అనుకున్నాను.

నాలుగోది ఇంట్లో ఏముందన్నది. ఎప్సమ్ ఉప్పు గురించిన రాతలన్నీ ఒళ్లంతా మునిగే స్నానపు తొట్టి ఉన్న ఇళ్ల కోసం రాసినవి. మన ఇళ్లలో ఉన్నది బకెట్టు, మగ్గు, మహా అయితే బట్టలు నానబెట్టే తొట్టి. సలహాను మన స్నానాల గదికి సరిపెట్టుకోవాలి.

ఉప్పునీళ్లు: రెండు ఉప్పులు, ఒక ప్రశ్న

రాళ్లుప్పు అంటే సోడియం క్లోరైడ్, కూరలో వేసుకునేదే. ఎప్సమ్ ఉప్పు మెగ్నీషియం సల్ఫేట్. ఇంగ్లండులో లండన్‌కు దగ్గరలోని ఎప్సమ్ అనే ఊరి ఊటనీటిలో పదిహేడో శతాబ్దంలో బయటపడింది కాబట్టి ఆ పేరు వచ్చింది. తెలుగులో దీనికి భేది ఉప్పు అన్న పేరుంది. ఆ పేరులోనే దాని అసలు వాడకం ఉంది: నీళ్లలో కలుపుకుని తాగితే విరేచనాలు అవుతాయి. ఆసుపత్రిలో గర్భిణికి రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటే ఇదే మెగ్నీషియం సల్ఫేట్‌ను సూదిమందుగా ఇస్తారు, అది ప్రాణాలు కాపాడుతుంది. అంటే లోపలికి వెళ్తే ఇది బలమైన మందే. ప్రశ్న ఒక్కటే: తొట్టిలో కూర్చుంటే చర్మం గుండా లోపలికి వెళ్తుందా?

వరంగల్ ప్రాంతపు పత్తి రైతులకు ఈ ఉప్పు కొత్త కాదు. పత్తి ఆకులు ఎర్రబారితే మెగ్నీషియం లోపమని గుర్తించి, ఎరువుల దుకాణంలో మెగ్నీషియం సల్ఫేట్ కొని, లీటరు నీటికి పది గ్రాముల లెక్కన కలిపి పిచికారీ చేస్తారు. ఆకు దాన్ని పీల్చుకుంటుంది. పచ్చదనం తిరిగి వస్తుంది. ఆకు పీల్చుకున్నట్టే మన చర్మం కూడా పీల్చుకుంటుందని అనుకోవడం సహజమే. కానీ చర్మం ఉన్నదే బయటివి లోపలికి రాకుండా ఆపడానికి. పైపొర మృతకణాలతో, వాటి మధ్య కొవ్వుతో ఇటుకల గోడలా ఉంటుంది. నీళ్లలో కరిగిన మెగ్నీషియం అయాన్ (విద్యుదావేశమున్న కణం) ఒంటరిగా తిరగదు, చుట్టూ ఆరు నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. అంత పెద్ద మూటతో ఆ కొవ్వు గోడను దాటడం కష్టం. అలా దాటకపోవడమే మనకు మేలు. చర్మం లవణాలను అంత తేలిగ్గా పీల్చేదే అయితే రోజంతా సముద్రంలో ఉండే జాలర్ల గతి ఏమయ్యేది?

చర్మం గుండా మెగ్నీషియం వెళ్తుందన్న వాదనకు తరచుగా చూపించేది బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రోజ్‌మేరీ వేరింగ్ చేసిన ఒక చిన్న ప్రయోగం. 19 మందిని రోజూ ఆ ఉప్పు స్నానం చేయించి రక్తం పరీక్షిస్తే చాలామందిలో మెగ్నీషియం కొద్దిగా పెరిగిందన్నారు. అయితే దాన్ని తోటి శాస్త్రవేత్తలు పరిశీలించి ఆమోదించే పత్రికలో ప్రచురించలేదు, ఉప్పులేని నీళ్లలో కూర్చున్న వారితో పోల్చలేదు. 2017లో ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట పెట్టి చూసిన ఒక సమీక్ష, చర్మం ద్వారా మెగ్నీషియం అందుతుందనడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని తేల్చింది. నోటి ద్వారా తీసుకున్న మెగ్నీషియం సంగతీ చూడండి. పెద్దవయసు వారిలో పిక్కలు పట్టేయడాన్ని మెగ్నీషియం మాత్రలు చెప్పుకోదగ్గంతగా తగ్గించవని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష చెబుతోంది. కడుపులోకి వెళ్లినదే అంత చేయలేనప్పుడు కాలి మడమ దగ్గర నీళ్లలో ఉన్నది ఏం చేయగలదు?

ఉప్పునీళ్లలో ఒళ్లు తేలి హాయి కలుగుతుందన్నది ఇంకో మాట. మృత సముద్రంలో మనిషి మునగడు, ఒంటి బరువు నీళ్లు మోస్తాయి, కండరాలు వదులవుతాయి. అక్కడి నీటిలో మూడో వంతు ఉప్పే. పది లీటర్ల బకెట్టులో యాభై గ్రాముల గుప్పెడు వేస్తే అది అర శాతం. సముద్రపు నీటిలో కూడా మూడున్నర శాతం ఉంటుంది. బకెట్టులో తేలడమనే మాటే లేదు.

అందుకని ఎప్సమ్ ఉప్పు పొట్లానికి వందల రూపాయలు పెట్టకండి. కొద్ది రూపాయలకే వచ్చే రాళ్లుప్పు వేసుకోవడం మీకు ఇష్టమైతే నిశ్చింతగా వేసుకోండి. ఉప్పు వేసి కదుపుతూ, కరిగేదాకా చూస్తూ కూర్చోవడం కూడా ఒక ఊరట. ఇది పనిచేస్తుందన్న నమ్మకం నొప్పిని నిజంగానే కొంత తగ్గిస్తుంది, అది నమ్మినవారి బలహీనత ఏమీ కాదు. ఎరువుల దుకాణంలో చవగ్గా దొరికే మెగ్నీషియం సల్ఫేట్ మాత్రం ఒంటికి వాడవద్దు. అది పొలం కోసం తయారుచేసింది, దాని శుద్ధి వేరు. కాళ్లు పగిలినవారికి, నాట్లలో వేళ్ల సందులు పాసిపోయినవారికి ఉప్పునీళ్లు భగ్గున మండుతాయి. అలాంటప్పుడు మామూలు నీళ్లతో కడిగి, వేళ్ల సందులు పొడిబట్టతో తుడవడమే మందు.

వేడినీళ్లు: అమ్మ ముఖంలో తేట తెచ్చింది ఇదే

వేడి తగిలితే రక్తనాళాలు విచ్చుకుంటాయి, కండరపు బిగుతు సడలుతుంది. చర్మంలో వేడిని పసిగట్టే నరాలు మెదడుకు పంపే కబురు, నొప్పి కబురును కొంత వెనక్కి నెడుతుంది. నడుము నొప్పికి వేడి పట్టీలు కొద్దికాలం పాటు కొంత ఉపశమనం ఇస్తాయని 2006 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. చిన్న ఉపశమనమే, అయినా ఖర్చు లేనిది.

నాకు అంతకంటే విలువైనదిగా అనిపించింది నిద్ర. పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు 40 నుంచి 42 డిగ్రీల వేడినీళ్లతో స్నానం చేసినవారికి నిద్ర త్వరగా పడుతుందని, 2019లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి చూసి చెప్పారు. వేడినీళ్లకు చేతులు, పాదాల్లోకి రక్తం వచ్చి, బయటికి వచ్చాక ఒంటి లోపలి వేడి దిగుతుంది. ఆ దిగుడే నిద్రకు పిలుపు. చిరిగిన పోగులు అతుక్కోవడానికి మంచి నిద్ర అవసరం.

తొట్టి లేకపోయినా ఇది కుదురుతుంది. మగ్గుతో గబగబా పోసుకుంటే వేడి కండరం దాకా దిగదు. పీట మీద కూర్చుని తువ్వాలు తొడల మీద, నడుము మీద కప్పుకుని, దాని మీద నెమ్మదిగా నీళ్లు పోసుకోండి. తువ్వాలు వేడిని పట్టి ఉంచుతుంది. పది, పదిహేను నిమిషాలు చాలు. పదిహేను లీటర్ల గీజర్ నీటిని 25 నుంచి 50 డిగ్రీలకు కాచడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. ఒళ్లంతా మునిగే నూట యాభై లీటర్ల తొట్టిని 39 డిగ్రీలకు తేవడానికి రెండున్నర యూనిట్లు అవుతుంది. మనకు ఆ తొట్టి లేకపోవడం అంత పెద్ద లోటు కాదు.

హీటర్ రాడ్ వాడేవారికి ఒక మాట. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్ బయటికి తీశాకే నీళ్లలో వేలు పెట్టండి. నీళ్లు కాగాయా అని రాడ్ ఉండగానే వేలు ముంచి చూసే అలవాటు ప్రాణాలు తీసింది.

బీపీ మాత్రలు వేసుకునేవారు వేడినీళ్ల నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి, గోడ పట్టుకుని లేవాలి. గర్భిణులు, ముఖ్యంగా మొదటి నెలల్లో, ఒళ్లు ఉడికేంత వేడినీళ్లలో కూర్చోకూడదు, గోరువెచ్చనివి చాలు. రామగుండం, జగిత్యాల వైపు మే నెలలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే ట్యాంకు నీళ్లే సలసలమంటాయి. ఆ రోజుల్లో ఎండలో పనిచేసి వచ్చినవారికి వేడినీళ్ల స్నానం అసలే వద్దు. ముందు నీడ, మజ్జిగ, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు. ఉప్పు ఒంటికి నిజంగా పనిచేసేది అక్కడే, నోట్లోంచి.

చన్నీళ్లు, ఐసు

10 నుంచి 15 డిగ్రీల నీటిలో కొన్ని నిమిషాలు కూర్చుంటే, ఏమీ చేయకుండా ఊరుకున్నవారి కంటే నొప్పి కొంత తక్కువగా ఉంటుందని 2012 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. అందులో 17 చిన్న ప్రయోగాలు, మొత్తం 366 మంది. మిగతావాటితో పోలిస్తే ఆధారం ఉన్న పద్ధతే. అయితే మన బోరు నీళ్లు అంత చల్లగా ఉండవు. 28 డిగ్రీల నీటిని నలభై లీటర్లు తీసుకుని 15 డిగ్రీలకు దించాలంటే అయిదున్నర కిలోల ఐసు కావాలి. ఫ్రిజ్‌లో ఉండే రెండు ట్రేల ముక్కలు దానికి ఏ మూలకూ రావు.

ఇంకో సంగతి. బరువులు ఎత్తి కండ పెంచుకోవాలనుకునేవారు ఎత్తిన ప్రతిసారీ ఆ తర్వాత చల్లటి నీళ్లలో కూర్చుంటే ఆ కండ పెరగడమే తగ్గుతుందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కండరం గట్టిపడే పనికి ఆ చలి అడ్డుపడుతుందన్నమాట. అందుకని ఐసును రెండు చోట్లకే ఉంచుకోండి. బెణికిన మడమకు, బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు. మర్నాడే మళ్లీ పరుగెత్తాల్సిన పోటీ ఉన్నప్పుడు. గుండె జబ్బు ఉన్నవారు ఐసు నీళ్లలో దిగవద్దు.

కాపడం, వావిలాకు

మెడ, భుజం, నడుములో ఒక్కచోటే పట్టేస్తే ఒళ్లంతా తడపడం ఎందుకు? రాళ్లుప్పును పెనం మీద వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. ఇక్కడ ఉప్పుకు ఒక నిజమైన పని ఉంది: వేడిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది, మూట ఒంటి వంపుకు అనువుగా సర్దుకుంటుంది. ఇసుకా అదే పని చేస్తుంది. ముందు మన ముంజేతికి ఆనించి చూసుకోవాలి, కునికిపాట్లు పడుతూ పెట్టుకోకూడదు.

బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయించడం మా వైపు ఇప్పటికీ ఉంది. ఆ వాసన, ఆ వేడి, చేయించే పెద్దవాళ్ల చేతులు కలిసి ఇచ్చే హాయి గొప్పది. ఒళ్లు నొప్పులకు ఆకు చేసే పని ఎంత, వేడి చేసే పని ఎంత అని అడిగితే వేడి వైపే మొగ్గుతాను.

మర్దన

వ్యాయామం తర్వాతి నొప్పికి, అలసటకు వాడే పద్ధతులన్నిటినీ పోల్చిన 2018 నాటి ఒక పెద్ద విశ్లేషణలో అన్నిటికంటే పైన నిలిచింది మర్దన. ఇది చదివినప్పుడు నాకు సంతోషమేసింది, ఎందుకంటే అది ప్రతి ఇంట్లోనూ ఉంది. నువ్వుల నూనె అయినా కొబ్బరి నూనె అయినా ఫరవాలేదు, నూనె చేసే పని చెయ్యి జారేలా చేయడమే. నొప్పి పుట్టేంత గట్టిగా పిసకడం తప్పు. పాదం వైపు నుంచి పైకి, గుండె వైపుగా, పదినిమిషాలు నిదానంగా రుద్దితే చాలు.

లోటు ఏమిటంటే దీనికి ఇంకో మనిషి కావాలి. నాట్లకు వెళ్లివచ్చిన ఇల్లాలు ఇంటిల్లిపాదికీ వండి పెడుతుంది కానీ, ఆమె నడుముకు నూనె రాసేవారు ఎంతమంది ఇళ్లలో ఉన్నారు? ఈ వ్యాసం చదువుతున్న కొడుకులు, కూతుళ్లు, భర్తలు ఒక్కసారి ఆలోచించాలి. ఎప్సమ్ ఉప్పు కొనిచ్చే డబ్బు కంటే ఆ పదినిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి.

ఒక కాలి పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మాత్రం రుద్దకూడదు. లోపలి నాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వెంటనే వైద్యుడికి చూపించాలి.

జెల్, మాత్రలు

డైక్లోఫెనాక్ జెల్ ఒక్కచోట నొప్పికి పనిచేస్తుంది, కడుపుకు హాని తక్కువ. రాసిన వెంటనే దాని మీద కాపడం పెట్టకూడదు. మాత్రల దగ్గర నాకు భయం ఎక్కువ. నాట్లు పడినన్ని రోజులూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మింగి పొలానికి వెళ్లేవారిని చూశాను. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి, ఆ పైన డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రోజూ వేసుకుంటే దెబ్బ తినేది మూత్రపిండాలు. నొప్పికి సూదిమందు వేయించుకోవడం కూడా అంతే. తప్పనిసరైతే ఒకటి రెండు రోజులు, అదీ వైద్యుడిని అడిగి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | ఏ నొప్పికి | ఆధారం ఎంత | ఖర్చు, శ్రమ | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| ఎప్సమ్ ఉప్పు నీళ్లు | వేడినీళ్లకు ఉన్నంతే | ఉప్పు వల్ల అదనపు మేలుకు ఆధారం లేదు | ఖరీదు ఎక్కువ | పుండ్లు, పగుళ్లు, పాదాల స్పర్శ తగ్గినవారు |
| రాళ్లుప్పు నీళ్లు | అదే | అదే | చాలా తక్కువ | పైవారే |
| వేడినీళ్ల స్నానం | పని చేసిన మర్నాటి బిగుతు, నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం | కొంత ఉంది | అర యూనిట్ కరెంటు | కొత్త బెణుకు, వడదెబ్బ, స్పర్శ తగ్గిన పాదాలు |
| ఐసు | బెణుకు, వరుస రోజుల పోటీలు | కొంత ఉంది | ఐసు కొని తేవాలి | గుండె జబ్బు, కండ పెంచుకునేవారు |
| కాపడం | ఒక్కచోట పట్టేసినప్పుడు | కొంత ఉంది | దాదాపు ఏమీ లేదు | కొత్త వాపు, స్పర్శ లేనిచోట |
| మర్దన | పని తర్వాతి నొప్పి, అలసట | మిగతావాటికంటే మెరుగు | ఇంకో మనిషి చెయ్యి | ఒక కాలే వాచినవారు |
| మాత్రలు | తప్పనిసరైనప్పుడు | నొప్పి తగ్గుతుంది | చవక, హాని ఎక్కువ | కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు |

తేలికపాటి నడకను పట్టికలో చేర్చలేదు, ఎందుకంటే అది అందరికీ చెప్పాల్సినదే. నొప్పిగా ఉందని మంచం పట్టకుండా పదినిమిషాలు అటూఇటూ నడిస్తే బిగుతు సడలుతుంది. పరుగుకు ముందూ తర్వాతా కండరాలు సాగదీస్తే మర్నాడు నొప్పి రాదన్నది మాత్రం నిలబడలేదు, 2011 నాటి కాక్రేన్ సమీక్షలో తేడా నామమాత్రంగానే కనిపించింది.

ఇక ఎవరికి ఏది

నాట్లు వేసేవారికి, పత్తి ఏరేవారికి: సాయంత్రం తువ్వాలు కప్పుకుని నడుము మీద వేడినీళ్లు, రాత్రి పడుకునే ముందు ఎవరైనా నూనె రాస్తే అది. పాదాలు నానబెట్టడం కంటే నడుముకు వేడి తగలడం ముఖ్యం, ఎందుకంటే ఆ పనిలో నలిగేది నడుము, తొడల వెనక కండరాలు. నేను చిన్నప్పుడు చూసిన తొట్టిలో పాదాలు మాత్రమే మునిగేవి. నడుముకు ఏమీ అందేది కాదు.

కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం మైదానాల్లో 1600 మీటర్ల (అమ్మాయిలకైతే 800) పరుగు సాధన చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఉప్పూ వద్దు, రోజూ ఐసూ వద్దు. మొదటి రోజే మొత్తం దూరం ఉరకకుండా వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోండి. ఒకసారి నొప్పి పెట్టిన కండరం అదే పనికి రెండోసారి అంతగా నొప్పి పెట్టదు, అది శరీరానికి ఉన్న గొప్ప గుణం. రాత్రి వేడినీళ్లు, ఎనిమిది గంటల నిద్ర. మెగ్నీషియం కావాలంటే పల్లీలు, నువ్వులు, ఆకుకూరలు, జొన్నరొట్టె తినండి. నువ్వులు వేసిన సకినాలు నాలుగు తిన్నా, తొట్టిలోని పావుకిలో ఎప్సమ్ ఉప్పు కంటే ఎక్కువ మెగ్నీషియమే ఒంటికి చేరుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ అన్నలకు నా దగ్గర తేలికైన సలహా లేదు. రోజూ అదే బరువు మోసే ఒంటికి వచ్చేది మర్నాటి నొప్పి కాదు, వెన్ను అరుగుదల. వేడినీళ్లు, కాపడం ఆ రాత్రికి ఊరట ఇస్తాయి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఎక్కుతున్నా వాటితో కాలం గడపకుండా ఎముకల వైద్యుడికి చూపించుకోవాలి.

మేడారం జాతరకో, మాల వేసుకుని కొండగట్టుకో కాలినడకన వెళ్లేవారు దారిలో ఆగినచోట పాదాలను నానబెట్టకండి. నానిన చర్మం మెత్తబడి మరుసటి మైలులో బొబ్బలెక్కుతుంది. కాళ్లు కడిగి, ఆరబెట్టి, గోడకు ఎత్తిపెట్టి పడుకోండి. ఇంటికి చేరాక ఎంతసేపైనా వేడినీళ్లు పోసుకోవచ్చు. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే కాలు చాపి, పాదం వేళ్లను మోకాలి వైపు లాగి పట్టుకోవాలి. అంతకంటే త్వరగా వదిలించే మందు లేదు.

చక్కెర వ్యాధి ఉన్న పెద్దవారి పాదాలు తొట్టిలో పెట్టించకండి, ఉప్పు వేసినా వేయకపోయినా. కాళ్లు లాగుతుంటే తేలికగా నూనె రాయండి, రోజూ అరికాళ్లు చూసి చిన్న పుండు ఉన్నా పట్టించుకోండి.

అలవాటు లేని భారీ పని లేదా పరుగు తర్వాత కండరాలు విపరీతంగా నొప్పి పెట్టి, మూత్రం నల్లటి టీ రంగులో వస్తే ఏ తొట్టీ పనికిరాదు. చితికిన కండరంలోంచి వచ్చిన పదార్థం మూత్రపిండాలను మూసేస్తోందన్నమాట. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అమ్మకు ఇప్పుడు డెబ్బై దగ్గర. నాట్లకు వెళ్లడం మానేసింది కానీ తొట్టి మానలేదు. నేను ఇదంతా చదివి చెప్పాక కూడా గుప్పెడు దొడ్డుప్పు వేస్తూనే ఉంది, నేనూ వద్దనలేదు. పాత తొట్టి తీసేసి పిక్కల దాకా మునిగే లోతైనది తెచ్చాను. పక్కనే ఒక చెంబు వేడినీళ్లు పెడతాను. చల్లారాక ఆమె కాళ్లు పైకి తీస్తుంది, నేను ఆ నీళ్లు కలిపి, మోచేతితో వేడి చూసి చెప్తాను, మళ్లీ దించుతుంది. ఈలోగా ఆమె భుజాలకు నూనె రాయడం అయిపోతుంది.